కదలరాని కారు

విశాఖపట్నంలో పళ్ళ డాక్టరు నూకరత్నానికి రెండు రకాల పేషెంట్లు. వారమంతా క్లినిక్కులో కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరిచేవాళ్ళు ఒక రకం. ఆదివారం పొద్దున్నే పెదవాల్తేరులో సొంతింటి పోర్టికోలో బానెట్ తెరుచుకుని నిలబడేది రెండో రకం. ఈ రెండో రకంలో ఉన్నది ఒక్క శాల్తీయే. ఎర్రగా, పొట్టిగా, గుడ్డ టాపుతో, ఇద్దరికి మించి పట్టని ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు.

ఎప్పుడో ఒక జూటు మిల్లు దొర స్వదేశానికి పోతూ అమ్మేస్తే దాన్ని ఆవిడ మేనమామ కొన్నాడు. ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్ ఆయన. పోయేముందు మేనకోడలికి కారూ ఇచ్చాడు, దాన్ని విప్పి బిగించే విద్యా ఇచ్చాడు. సముద్రపు గాలికి ఆ ఊళ్ళో ఇనుమన్నది మడతకాజాలా పొరలు పొరలుగా లేస్తుంది. ఆదివారం వచ్చేసరికి కారులో ఏదో ఒకటి తుప్పుపట్టో, బిగుసుకుపోయో, వదులైపోయో ఉండేది. పళ్ళ సందులు చూసే చిన్న అద్దంతో ఇంజను వెనకాల చూసేది నూకరత్నం. పుచ్చు గోకే సన్నటి కొక్కెంతో కార్బురేటర్ కన్నాల్లో మడ్డి తీసేది. అలవాటు కొద్దీ, "అయిపోయింది, కొంచెం ఓర్చుకో" అని దానితో అనేది కూడా.

ఆవిడ భర్త జోగారావు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాడు. క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియదు. ఆదివారాలు ఆయన ఉద్యోగం టార్చిలైటు పట్టుకోవడం. దాన్ని ఇంజను మీదకి పట్టినట్టే పట్టి, చదువుతున్న పేపరు మీదకి తిప్పుకునేవాడు. 

"వెలుగు ఇటండీ!" 

"ఇటే ఉంది కదా రత్నం."

పని పూర్తయ్యాక ఇద్దరూ అందులో భీమిలి దాకా వెళ్ళొచ్చేవారు. వారమంతా ఆవిడ క్లినిక్కులో, ఆయన లైబ్రరీలో. మాట్లాడుకునేది ఆ దారిలోనే. కారు మోతకి ఇద్దరూ గొంతు పెంచి అరుచుకోవలసి వచ్చేది కాబట్టి, ఒకరి దగ్గర ఒకరు దాచుకోవడానికి ఏమీ మిగిలేది కాదు.

అలాంటి రోజుల్లో రాష్ట్రానికి వారసత్వం మీద ప్రేమ పుట్టింది. పాత బావులకి బోర్డులు వచ్చాయి. పాత గడియారాలకి కంచెలు వచ్చాయి. చివరికి కార్ల వంతు వచ్చి, వారసత్వ వాహన పరిరక్షణ ప్రాధికార సంస్థ అనే కార్యాలయం వెలిసింది. పేపర్లో అర పేజీ ప్రకటన వేశారు. "మీ పాత కారు మీది మాత్రమే కాదు, జాతిది. నమోదు చేయించండి. ఇత్తడి ఫలకం పొందండి."

"జాతిది అంటన్నారు రత్నం," అన్నాడు జోగారావు పేపరు దించి. "కొంచెం ఆలోచించు."

"గౌరవానికి అలగే అంటారండీ. మావయ్య ఉంటే ఎంత పొంగిపోయేవాడో!"

ఆవిడ ఆ వారమే నమోదు చేయించింది. ఎవరూ బలవంతపెట్టలేదు. తరవాత ఎవరిని తిట్టుకోవాలో తెలియక ఆవిడ ఎక్కువ బాధపడింది అందుకే.

పరిరక్షణాధికారి వఝల పతంజలి ఆదివారం పొద్దున్నే వచ్చాడు. సర్వీసంతా రాతి సింహాల మధ్యా, విరిగిన స్తంభాల మధ్యా గడిపి, కొత్త సంస్థకి బదిలీ అయినవాడు. కారు చుట్టూ చెప్పులు విప్పి తిరిగాడు. అప్పటికి నూకరత్నం పని మధ్యలో ఉంది. వెనక టైరు ఒకటి గాలిపోయి చతికిలబడింది. ఒక హెడ్‌లైటు ఊడదీసి స్టూలు మీద పెట్టింది. జోగారావు తాగిన కాఫీ గ్లాసు మడ్‌గార్డు మీద ఉంది.

పతంజలి కారు కింద నల్లటి మరక చూసి ఆగాడు. పైనుంచి ఒక చుక్క రాలింది. కొంతసేపటికి ఇంకొకటి. 

"ఈ స్రావం ఎంతకాలంగా ఉన్నది?"

"ఎప్పుడూ ఉండేదేనండి. కింద ఆయిలు కారకుండా ఆపే గాస్కెట్ అరిగిపోయింది. కొత్తది తెప్పించాను, ఇవాళ మార్చేస్తాను."

"మార్చడమా!" పతంజలి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "తల్లీ, నంది చెవి విరిగితే మేము కొత్త చెవి అతికించము. విరిగిన చెవినే కాపాడుతాము."

"నంది నడవక్కర్లేదు కదండీ."

పతంజలి ఆ మాటని పుస్తకంలో రాసుకున్నాడు. "అది ఉన్నత స్థాయిలో తేల్చవలసిన అంశము," అన్నాడు. "అంతవరకు యథాతథ స్థితి."

యథాతథ స్థితి అంటే ఏమిటో మరుసటి వారం అర్థమైంది. కారుకి కన్నం వెయ్యకూడదు కాబట్టి ఇత్తడి ఫలకాన్ని ఇంటి గోడకి బిగించారు. "ఈ స్మారకమును తాకుట, కదల్చుట, తుడుచుట, మరమ్మతు చేయుట శిక్షార్హము." కారు చుట్టూ ఎర్ర తాడు కట్టారు. గాలిపోయిన టైరు, స్టూలు, దానిమీది హెడ్‌లైటు, కాఫీ గ్లాసు అన్నీ తాడు లోపలే ఉండిపోయాయి.

"గ్లాసు మా సెట్టులోదండీ," అంది నూకరత్నం. "దానికీ కారుకీ సంబంధం లేదు."

"మిగతా గ్లాసులు ఎక్కడ ఉన్నాయి?" అని పతంజలి ఆసక్తిగా అడిగాడు. వంటింట్లో ఉన్నాయని చెప్పడం ఆవిడ చేసిన రెండో పొరపాటు. వాటిని అనుబంధ కట్టడాలుగా ప్రకటించి, అలమరాకి సీలు వేశారు.

కాపలాకి అసిరయ్య అనే ఆయన్ని పెట్టారు. శ్రీకాకుళం దగ్గర పల్లెటూరివాడు, మర్యాదస్థుడు. పోర్టికో నిషిద్ధ ప్రాంతం కాబట్టి వీధి గుమ్మం మూసేసి, ఇంటివాళ్ళని పెరటి సందులోంచి రమ్మన్నారు. స్మారకం పక్కన ప్రకంపనలు కూడదన్నారు కాబట్టి వంటింట్లో గ్రైండరు ఆగింది. ఒకసారి జోగారావు పోర్టికో కిటికీ దగ్గర గట్టిగా తుమ్మితే అసిరయ్య లోపలికి తొంగిచూశాడు.

"నొచ్చుకోకండి బాబూ. తుమ్మొస్తే పెరట్లోకెల్లి తుమ్మీయండి. పైనుంచి ఆర్డరొచ్చీసింది."

జోగారావు ఆ రోజు నుంచి పెరట్లోనే తుమ్మాడు. ఎలాంటి ఆర్డరుకైనా మనిషి ఎంత తొందరగా అలవాటుపడతాడో చూసి ఆయనకే ఆశ్చర్యం వేసింది.

రెండు నెలలకి పతంజలి మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖం గంభీరంగా ఉంది. 

"డాక్టరు గారూ, స్రావం ఆగిపోయింది."

"ఆయిలు అయిపోయిందండి. కారడానికి లోపల ఏదో ఒకటి ఉండాలి కదా."

"ప్రకటిత స్థితిలో స్రావము ఉన్నది. ప్రస్తుత స్థితిలో లేదు. అనగా వారసత్వ అంశమొకటి విధ్వంసమైనది. దీనికి యజమానుల సంజాయిషీ కావాలి."

"అయితే ఆయిలు పోసేస్తాను, రెండు నిమిషాల పని."

"పోయడం మార్పు. పోయకపోవడం వల్ల వచ్చినదీ మార్పే." పతంజలి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నిజాయితీగా బాధపడుతున్నాడాయన. అది చూసే నూకరత్నానికి భయం వేసింది. లంచగొండి అయితే ఏదో దారి ఉండేది.

కమిటీ కూర్చుంది. ఇంజను నిమిత్తం కాకుండా, కేవలం స్రావ నిమిత్తం ఆయిలు పోయవచ్చునని, అది కూడా అధికారి స్వహస్తాలతో జరగాలని తీర్మానించింది. పతంజలి డబ్బా పట్టుకుని తాడు లోపలికి వెళ్ళాడు. నూకరత్నం తాడు బయట నిలబడింది.

"అది కాదండీ, అది రేడియేటరు! నీళ్ళు పోసేది! దాని పక్కది. ఆ మూత. తిప్పండి. రెండో వైపుకి."

ఆయన డబ్బా వంచాడు. ఆయిలు సగం ఇంజనులోకీ, సగం చొక్కా మీదకీ పోయింది. కాసేపటికి కింద ఒక చుక్క రాలింది. వెంట వచ్చిన సిబ్బంది చప్పట్లు కొట్టారు.

నూకరత్నం నవ్వలేకపోయింది. ఇంజను తిరగక ఎన్నాళ్ళయిందో, లోపల ఏం జరుగుతోందో ఆవిడకి తెలుసు. పిస్టన్లు సిలిండర్లకి అంటుకుపోతాయి. రబ్బరు గొట్టాలు పగుళ్ళిస్తాయి. తుడవకుండా వదిలేసిన నోటిని చూస్తున్నట్టే ఉండేది ఆవిడకి. కిటికీలోంచి చూస్తే డోరు అంచున కొత్త తుప్పు పొక్కులు కనబడేవి. సొంత ఇంట్లో, చెయ్యి చాపితే అందే దూరంలో.

ఒక ఆదివారం మధ్యాహ్నం జోగారావు అన్నం తింటూ తింటూ ఆగాడు. 

"ఆదివారం వస్తే ఏటి చెయ్యాలో తోచట్లేదు రత్నం. టార్చి లేకపోతే చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలీట్లేదు."

ఆవిడ తలెత్తి చూసింది. ఆయన ఆ మాట అంటాడని ఎప్పుడూ అనుకోలేదు. ఇన్నేళ్ళూ తనకోసం భరిస్తున్నాడనుకుంది.

"ఇంజను బిగుసుకుపోకుండా నాలుగు చుక్కలు ఆయిలు వెయ్యగలిగితే చాలండీ," అంది మెల్లగా.

జోగారావు చెయ్యి కడుక్కుని పోర్టికో కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "అసిరయ్యా, పీతలు పక్కకెందుకు నడుస్తాయో ఎప్పుడైనా ఆలోచించేవా?" 

అసిరయ్య ఆలోచించలేదు. జోగారావు అతన్ని వీధి చివర టీ బడ్డీ దాకా తీసుకెళ్ళి, కాళ్ళ కీళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. ముప్పయ్యేళ్ళు క్లాసుల్లో ఆయన పాఠం అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

నూకరత్నం తాడు దాటింది. స్పార్క్ ప్లగ్గులు విప్పి, చిగుళ్ళకి మత్తు ఇచ్చే సిరంజితో ఒక్కో కన్నంలో ఆయిలు వేసింది. "అయిపోయింది, అయిపోయింది," అని గొణుక్కుంటూనే ఉంది. ఆఖరి ప్లగ్గు చేతిలో ఉండగా అసిరయ్య వచ్చేశాడు. వెనక జోగారావు నిస్సహాయంగా చేతులు తిప్పుతున్నాడు. పీతల విషయం అనుకున్నంత పొడుగు రాలేదు.

"డాక్టరమ్మా! అదేటమ్మా సేతిలోన?"

"పన్ను," అంది నూకరత్నం. ఇంకేం తోచలేదు.

"పన్నయితే ఎట్టీయండమ్మా ఉన్నకాడే," అన్నాడు అసిరయ్య జాలిగా. కాని ఉద్యోగం ఉద్యోగమే. రిపోర్టు వెళ్ళింది. ఆ వారం నుంచి సంస్థ వ్యవహారాల్లో నూకరత్నాన్ని యజమాని అనడం మానేసి, ఆక్రమణదారు అన్నారు.

సంస్థకి ఏడాది నిండింది. అధ్యక్షులు రాయసం హరగోపాల్ గారికి ఊరేగింపు జరపాలని బుద్ధి పుట్టింది. "చరిత్ర కదిలి వస్తోంది" అన్నది ఊరేగింపు పేరు. బీచి రోడ్డు మీద వారసత్వ వాహనాలన్నీ వరసగా సాగాలి, ముందు ఎర్ర కారు ఉండాలి. ఆయనే స్వయంగా పోర్టికోకి వచ్చి, పతంజలినీ సిబ్బందినీ నిలబెట్టి సమావేశం జరిపాడు. తాడు బయట ఆక్రమణదారులిద్దరూ నిలబడ్డారు.

"ఒక్క నాలుగు రోజులు నాకు వదిలేయండి," అంది నూకరత్నం. "నడిచేట్టు చేసిస్తాను."

"మరమ్మతు నిషిద్ధం," అన్నాడు అధ్యక్షుడు.

"అయితే నడవదండి."

"నడవదు. కాని నడపబడుతుంది. మా సిబ్బంది తోస్తారు."

"కదల్చుట శిక్షార్హమని మీరే గోడమీద రాశారు కదండీ?" అన్నాడు జోగారావు.

అందరూ పతంజలి వైపు చూశారు. ఆయన కళ్ళు మూసుకుని, తెరిచాడు. "మూలవిరాట్టు కదలరాదు. ఉత్సవమూర్తి ఊరేగవచ్చును. ఆ ఒక్క పూటకు దీనిని ఉత్సవమూర్తిగా పరిగణింపవచ్చును."

అధ్యక్షుడు ఆయన భుజం తట్టాడు. గాలి పోయిన టైరు సంగతి వచ్చింది. గాలి విడిభాగం కాదు, ప్రకృతి, కాబట్టి నింపవచ్చునన్నారు. నూకరత్నానికి ఆశ పుట్టింది. 

"మరి బ్రేకు ఆయిలు? అది ఎప్పుడో కారిపోయిందండి. ఇక్కణ్ణుంచి బీచి దాకా అంతా దిగుడే. ఆపుదామంటే ఆగదు."

"ఉత్సవంలో ఆపవలసిన అవసరమేముందమ్మా?" అన్నాడు అధ్యక్షుడు. "సాగడమే కదా ముఖ్యం."

"పోనీ స్టీరింగు దగ్గర నన్ను కూర్చోనివ్వండి."

"ఆక్రమణదారుల్ని ఎలా కూర్చోబెడతాము?"

ఊరేగింపు రోజు కారుకి బంతిపూల దండలు వేశారు. కిందంతా అట్టకట్టిన మురికి, పైనంతా పూలు. అధ్యక్షుడు స్టీరింగు ముందు కూర్చుని చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. పతంజలి పక్కన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కారుని మాత్రమే ఊరేగించడానికి అనుమతి వచ్చింది కాబట్టి స్టూలు, హెడ్‌లైటు, మడ్‌గార్డు మీంచి దింపిన గ్లాసు తాడు మధ్యలోనే ఉండిపోయాయి. సన్నాయి మొదలైంది. సిబ్బంది తోశారు.

వీధి చివరిదాకా బాగానే వెళ్ళింది. మలుపు తిరిగి దిగుడు మొదలయ్యాక తోసేవాళ్ళకి పని తేలికైంది. తరవాత మరీ తేలికైంది. తరవాత వాళ్ళు కారు వెనక పరిగెడుతున్నారు, చేతులు మాత్రం గాలిలో ఉన్నాయి. 

నూకరత్నం ముందే చెప్పులు వదిలేసి పక్కనే పరుగు అందుకుంది. "హ్యాండ్ బ్రేకు! సీట్ల మధ్య ఉందండీ! పైకి లాగండి!"

"లాగవయ్యా!" అని అరిచాడు అధ్యక్షుడు. ఆయన రెండు చేతులూ స్టీరింగుని కరుచుకుని ఉన్నాయి.

పతంజలి ఆ ఇనప కడ్డీ వైపు చూశాడు. చెయ్యి చాపాడు. వెనక్కి తీసుకున్నాడు. "తాకుట శిక్షార్హము గదండీ. లిఖితపూర్వకంగా ఇప్పించగలరా?"

"ఇస్తానయ్యా! లాగు!"

"ఇచ్చిన తరువాత..."

సన్నాయి వాళ్ళు ఫుట్‌పాత్ ఎక్కేశారు. ఊరేగింపు కోసమని పోలీసులు బీచి రోడ్డు ఖాళీ చేయించి ఉంచడం ఒక్కటే ఆ రోజు అందరూ కలిసి చేసిన మంచిపని. కారు రోడ్డుకి అడ్డంగా దూసుకుపోయి, అవతలి గట్టుకి బంపరు గుద్దుకుని, ఎగిరి, ఇసకలో జారుకుంటూ వెళ్ళి నీళ్ళ అంచున ఆగింది. ఒక అల వచ్చి అధ్యక్షుడి ఒళ్ళో కూర్చుని వెళ్ళింది. పూలదండలు సముద్రంలోకి కొట్టుకుపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నూకరత్నం ఇసకలో మోకాళ్ళ మీద కూలబడింది. రొప్పుతోంది. ఉప్పునీళ్ళు తలుపు కిందనుంచి లోపలికి పోవడం చూస్తోంది. జోగారావు వెనకనుంచి వచ్చి ఆవిడ భుజం పట్టుకున్నాడు. ఆవిడ పక్కనే ఇసకలో చతికిలబడ్డాడు.

కమిటీ అక్కడే, ఇసకలోనే అత్యవసరంగా సమావేశమైంది. అధ్యక్షుడు పంట్లాం పిండుకుంటూ అడిగాడు. "స్మారకం ధ్వంసమైందని పేపర్లో వస్తే బాధ్యులెవరు?"

పతంజలి గొంతు సవరించుకున్నాడు. "మనవి చేసుకుంటాను. స్మారకమనగా స్థిరాస్తి. స్థిరాస్తి కదలదు. ఇప్పుడు సముద్రము వద్దకు వచ్చినది కదిలినది. అనగా, వచ్చినది స్మారకము కాదు."

"మరి స్మారకం ఎక్కడున్నట్టు?"

"ఉన్నచోటనే ఉన్నది. పోర్టికోలో. తాడు ఉన్నది, ఫలకము ఉన్నది, స్టూలు, దీపము, గ్లాసు, స్రావపు మరక, అన్నియు క్షేమము. ఇకమీదట తుప్పు భయము కూడా లేదు."

అధ్యక్షుడి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించారు. తరవాత ఆయన కారు వైపు, దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "ఏమమ్మా, ఈ బండి మీదేనా?"

నూకరత్నానికి ఒక క్షణం అర్థం కాలేదు. జోగారావుకి ముందు అర్థమైంది. ఆయన భార్య చెయ్యి గట్టిగా నొక్కాడు.

"మాదేనండి," అంది ఆవిడ.

"బీచిలో వాహనాలు నిలపకూడదని తెలియదా? వెంటనే తీసుకుపొండి."

జాలరిపేట వాళ్ళు వల లాగే తాళ్ళు కట్టి, ఐలెస్సా అంటూ కారుని రోడ్డు మీదకి లాగారు. పోర్టికో స్మారకమే కాబట్టి దాన్ని పెరటి సందులో పెట్టుకున్నారు. ఆ తరవాత చాలా ఆదివారాలు, మధ్యలో కొన్ని సోమవారాలు కూడా, నూకరత్నం కారు కిందనే ఉంది. ఉప్పు కడిగింది. బంపరు సుత్తితో సాపు చేసింది. గాస్కెట్ మార్చింది. గొట్టాలు మార్చి బ్రేకు ఆయిలు పోసింది. పిస్టన్లు అంటుకోలేదు, సిరంజి చుక్కలు పనిచేశాయి. స్టూలు మీద ఉన్న హెడ్‌లైటు ఇవ్వమంటే అది జాతి సంపద అన్నారు కాబట్టి వేరే బండిది తెచ్చి బిగించింది. రెండు కళ్ళూ వేరు వేరుగా కనిపించాయి కాని వెలిగాయి.

వీధి వైపు మాత్రం సందర్శకులు తగ్గలేదు. కాలేజీ పిల్లల్ని బస్సుల్లో తీసుకొచ్చి ఖాళీ పోర్టికో చూపించేవారు. "ఇదేనండి కారు, దగ్గరకెల్లకండి," అని అసిరయ్య చెప్పేవాడు. కొందరు సంధ్య వెలుగులో మరక ఫోటో బాగా వస్తుందని ఆగేవారు. రాష్ట్రంలో కల్లా అత్యుత్తమంగా పరిరక్షించబడిన వాహనంగా దానికి బహుమతి వచ్చింది. పతంజలి శాలువా కప్పించుకున్నాడు.

ఆ బహుమతి ఇచ్చిన ఆదివారమే కారు మొదటిసారి బయటికొచ్చింది. పెరటి సందులోంచి మెల్లగా వెళ్ళి, బీచి రోడ్డెక్కి, భీమిలి దారి పట్టింది. ఏడాదిపైగా దాచుకున్న మాటలన్నీ ఇద్దరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. ఋషికొండ దాటిన కాసేపటికి ఇంజను రెండుసార్లు దగ్గి, ఆగిపోయింది.

నూకరత్నం దిగి బానెట్ ఎత్తింది. చేపల బుట్ట కట్టుకుని మోపెడ్ మీద పోతున్న ఒకాయన పక్కన ఆపాడు. "ఏటయ్యిందమ్మా? పాడైపోనాదా?"

"ఆఁ, పాడైపోయింది!" అంది నూకరత్నం. పెళ్ళి కుదిరిందని చెబుతున్నట్టు చెప్పింది. ఆయన ఆవిడ ముఖం చూసి, జోగారావు ముఖం చూసి, ఇద్దరూ నవ్వుతుంటే ఇంక అక్కడ తన అవసరం లేదనుకుని వెళ్ళిపోయాడు.

జోగారావు చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు. ఇంజను మీదకి వంగి, వేడిగా ఉన్నదేమో అని ఒకటికి రెండుసార్లు తాకి చూసి, వేళ్ళతో ఒక నట్టుని పట్టుకున్నాడు. 

"ఇది విప్పనా రత్నం?"

అది కాదు విప్పవలసింది. దానికీ ఇంజను ఆగడానికీ సంబంధమే లేదు. నూకరత్నం స్పానరు ఆయన చేతికిచ్చింది.

"విప్పండి," అంది.